ఇటుక మందం

పోయిన గురువారం సాయంత్రం నాలుగూ నలభైకి, ఇస్నాపూర్ చౌరస్తాలో నేను సంగారెడ్డి బస్సు కోసం నిలబడి ఉండగా ఒక లారీ వచ్చి ఆగింది. దాని మీద రెండు ఫైబర్ పడవలు బోర్లా కట్టి ఉన్నాయి. పక్కన జామకాయలు అమ్మే ఆమె తలెత్తి చూసింది.

"మంజీరకా ఇవి?" అని అడిగింది.

"నదికి కాదమ్మా, సముద్రానికి" అన్నాను.

"సముద్రపోల్లకు పడవలు మనం జేసియ్యాల్నా? మంచిగున్నది ముచ్చట" అని మళ్ళీ కాయల మీద నీళ్ళు చల్లుకుంది.

ఆ పడవలు మా షెడ్డువి. నేనక్కడ స్టోర్స్ చూస్తాను. లారీ కదిలి వెళ్ళాక, ఒకప్పుడు మా పడవలకు రంగు వేసిన మనిషి గుర్తొచ్చాడు. ఆయన పోయి పది నెలలైంది. షెడ్డులో అందరూ ఆయన్ని పెయింటరన్న అనేవాళ్ళు. నేనూ అలాగే పిలిచేదాన్ని.

ఆయనది జిన్నారం దిక్కు ఊరు, వ్యవసాయం ఇల్లు. మాది కోస్తా నుంచి వచ్చిన ఇల్లు. మా నాన్న ఇక్కడి ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి ఉండిపోయాడు. నేను పుట్టింది పటాన్‌చెరులోనే అని ఎన్నిసార్లు చెప్పినా, పెయింటరన్న లెక్కలో సముద్రం నాదే. మబ్బు పడితే "మీ సముద్రం ఇటు బయలెల్లినట్టున్నది చెల్లె" అనేవాడు. నా డబ్బాలో కూర రుచి చూసి, "సముద్రం పక్కపొంటి ఉన్నోల్లు, ఉప్పుకు గింత పిసినారితనమేంది?" అని అడిగేవాడు. అప్పటికి నేను సముద్రాన్ని చూసింది మూడుసార్లు. ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

కుంచెలు ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పని అయ్యాక కిరోసిన్‌లో కడిగి, వెంట్రుకలకు కొబ్బరినూనె రాసి, పాత పేపరులో చుట్టి పెట్టేవాడు. పేపరు నా దగ్గరే తీసుకునేవాడు. చుట్టే ముందు దాన్ని మొత్తం చదివేవాడు. "సదవని పేపర్ల చుట్టొద్దు" అనేవాడు. ఎందుకో అడిగితే చెప్పలేదు. కొత్త పడవ దగ్గరికి వెళ్ళగానే ముందు వేలి కణుపులతో తట్టి వినేవాడు, పుచ్చకాయ కొనేవాడు తట్టినట్టు. గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవాడు. చుట్టూ ఎవరైనా మాట్లాడుతుంటే కుంచె ఎత్తి పట్టుకుని ఆగేవాడు. "ముచ్చట్లు బంద్ పెట్టుండ్రి. మీరు మాట్లాడితే నా చెయ్యి ఇంటది" అనేవాడు.

ఆ గీత గురించి కొంచెం చెప్పాలి. పడవకు రెండు వైపులా, పై అంచుకు కొంత కిందగా, ఒక ఎర్ర గీత ఉంటుంది. మనుషులూ సరుకూ ఎక్కాక నీళ్ళు ఆ గీత దాకా రావచ్చు, దాటకూడదు. మా షెడ్డులో పడవ అచ్చులో తయారవుతుంది. అచ్చులోంచి తీశాక బోర్లా తిప్పి నేల మీద పెట్టి రంగు వేస్తారు. అంచు నుంచి గీత ఎంత దూరం ఉండాలో పెయింటరన్న టేపుతో కొలిచేవాడు కాదు. "టేపు సాగుతది. కట్టె సాగది" అనేవాడు. ఆయన దగ్గర ఒక టేకు కట్టె ఉండేది, దాని మీద ఒక గాటు. బోర్లా ఉన్న పడవ అంచు నేలకు ఆనుతుంది కాబట్టి, కట్టెను నేల మీద నిలబెట్టి, గాటు దగ్గర చుక్కలు పెట్టుకుంటూ పడవ చుట్టూ తిరిగేవాడు. తర్వాత చుక్కలను కలిపేవాడు. పదిహేనేళ్ళలో ఒక్క గీత కూడా వంకర పోలేదు.

ఐదేళ్ళ కింద వానాకాలంలో మా వెనక వీధి కాలువ పొంగి, షెడ్డులోకి చీలమండ లోతు నీళ్ళు వచ్చాయి. పచ్చి రంగుకు మురికి అంటుతుందని పడవలన్నిటినీ ఒక్కో వరుస ఇటుకల మీదికి ఎత్తించాం. నీళ్ళు తగలకుండా పడవలను ఎత్తిపెట్టుకున్నామన్న సంగతికి అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. ఆర్డరు తొందరగా పంపాలి. పెయింటరన్న ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, ఎప్పటిలాగే కట్టెతో చుక్కలు పెట్టి గీతలు గీశాడు. పదిహేను పడవలు. అందులో ఒకదానికి అంచు దగ్గర పెచ్చు ఊడిందని పక్కన పెట్టారు. మిగతా పద్నాలుగు లారీలెక్కి వెళ్ళిపోయాయి.

నెల తర్వాత నేల ఆరింది. ఇటుకలు తీసేశారు. ఆగిపోయిన ఆ ఒక్క పడవనూ నేల మీదికి దించి, కొత్తగా గీత వేసిన ఇంకో పడవ పక్కన పెట్టారు. పెయింటరన్న టీ తాగి గేటు లోపలికి వస్తూ, అక్కడే నిలబడిపోయాడు. నేను స్టోర్ కిటికీలోంచి చూస్తున్నాను. ఆయన చూపు ఆ రెండు పడవల గీతల మధ్య తిరిగింది. తర్వాత పిలిచాడు.

"చెల్లె, జెర ఒక ఇటుక తే."

తీసుకెళ్ళాను. ఆయన వంగి ఇటుకను నేల మీద, కొత్త పడవను ఆనించి పెట్టాడు. దాని మీద కట్టెను నిలబెట్టి గాటు దగ్గర వేలు పెట్టాడు. ఆ పడవ మీద గీత వేలికి కింద ఉంది. ఎంత కింద అంటే, ఒక ఇటుక మందం. ఆ రెండు పడవల గీతల మధ్య తేడా కూడా అంతే.

నాకు అప్పటికీ అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. "పడవలు ఇటుకల మీదున్నయ్. నా కట్టె నేల మీదున్నది. అంచు మూడు అంగుళాలు లేసింది, నా గాటు లేవలే. గీత అంచుకు మూడు అంగుళాలు దగ్గర పడ్డది." ఇటుక తీసి పక్కన పెడుతూ అన్నాడు: "ఆ గీతను నమ్మి ఎక్కిస్తే ఇంకో ఆరుగురు ఎక్కుతరు. మునుగుతది."

ఆ రోజే ఓనరుకు చెప్పాడు. ఓనరు వయసులో చిన్నవాడు, మంచివాడే. కోస్తాలో పడవలు కొన్న డీలరుకు మా ముందే ఫోన్ చేసి చెప్పాడు. డీలరు సరే చెబుతానన్నాడు. ఆ పడవలు అప్పటికే పది ఊళ్ళకు పోయాయని, ఎవరెవరికి అమ్మాడో తన దగ్గర సరిగా రాసి లేదని కూడా అన్నాడు.

"అన్నా, ఎవడన్న ఫోన్ జేసిండా? లేదు గదా. ఏమన్నయితే ఈ పాటికి తెల్వదా?" అన్నాడు ఓనరు.

"తెలిసినంక ఏం జేస్తం సారు?" అన్నాడు పెయింటరన్న.

ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు నాకు ఆయన ఫోన్లు. సంగారెడ్డి పేపరులో కోస్తా ప్రమాదాలు రావు. ఆ జిల్లా పేజీలు ఫోన్లో తెరవడం నాకు వచ్చు, ఆయనకు రాదు. పొద్దున్నే, నేనింకా స్టవ్ వెలిగించక ముందే మోగేది.

"చెల్లె, ఏమన్న రాసిండ్రా?"

"ఏమీ లేదన్నా."

"పడవల ముచ్చట ఏం లేదా?"

"ఒకచోట బోల్తా పడిందంట. అందరూ ఈదుకుంటూ వచ్చేశారు."

"పడవ రంగు రాసిండ్రా? ఫైబర్‌దా, కట్టెదా?"

"రాయలేదన్నా."

"ఇంకో పేపర్ల సూడు."

వాయుగుండం అన్న మాట టీవీలో వస్తే ఆ పూట ఆయన పని చేయలేకపోయేవాడు. షెడ్డు మూల స్టూలు మీద కూర్చుని, కడిగిన కుంచెలనే మళ్ళీ కడిగేవాడు. ఆ పద్నాలుగు పడవల నంబర్లూ నోటికి వచ్చు. ప్రతి పడవ వెనక భాగంలో అచ్చుతో పాటే పడే నంబరు ఉంటుంది. అవి ఆయన వరసగా అనుకుంటుంటే ఒడిశా నుంచి పనికి వచ్చిన పిల్లలు జపం చేస్తున్నాడనుకున్నారు. నాకైతే కొన్నాళ్ళు విసుగు పుట్టింది. ఒకసారి ఫోన్ ఎత్తలేదు. ఆ రోజు ఆయన షెడ్డుకు వచ్చి నన్నేమీ అనలేదు. నా మొహం చూసి, ఏమీ జరగలేదని తెలుసుకుని వెళ్ళాడు.

ఆ జిల్లా పేజీల్లోనే ఒకరోజు చిన్న ప్రకటన కనిపించింది. తీరంలో ఒక రేవు ఊళ్ళో మూడు రోజులు పడవల పండుగ, పోటీలు, దానితో పాటు సముద్రం మీద, పడవల మీద వేసిన బొమ్మల ప్రదర్శన. ఎవరైనా బొమ్మ తేవచ్చు. పెయింటరన్నకు బొమ్మలు వేసే అలవాటు ఉండేది. మిగిలిపోయిన రంగుతో, మిగిలిపోయిన ఫైబర్ ముక్కల మీద వేసేవాడు. ఎప్పుడూ షెడ్డులో బోర్లా ఉన్న పడవలే. "సూసిందేస్త. సూడని నీళ్ళు నేనెట్లేస్త?" అనేవాడు. అందుకే చెప్పాను.

"బొమ్మలెవనికి కావాలె" అన్నాడు మొదట. తర్వాత కుంచె తుడుస్తూ అడిగాడు: "ఆడికి పడవలు ఎన్నొస్తయంట?"

"చుట్టుపక్కల ఊళ్ళన్నీ వస్తాయంట. వంద దాకా ఉండచ్చు."

"అయితే పోదాం."

నాలుగు ఆదివారాలు కూర్చుని వేశాడు. నాలుగడుగుల ఫైబర్ పలక. వాన నీళ్ళు నిండిన షెడ్డు, ఇటుకల మీద బోర్లా పద్నాలుగు పడవలు, వాటి మీద ఎర్ర గీతలు. కింద, బోర్డులు రాసే అక్షరాలతో ఇలా రాశాడు: "ఈ పడవల మీద గీత ఒక ఇటుక మందం తప్పు పడ్డది. ఆ గీత దాకా ఎక్కియ్యకుండ్రి. తప్పు నాది. మీ కాడ ఉంటే జెర చెప్పుండ్రి." దాని కింద పద్నాలుగు నంబర్లు.

లింగంపల్లిలో రైలెక్కాం. ఆయన, ఆయన భార్య, నేను. బొమ్మను పాత దుప్పటిలో చుట్టి ఆయన తన బెర్తు మీద పెట్టుకుని, తాను అంచున కూర్చున్నాడు. వదిన నాతో అంది: "లగ్గమైన కాడికెల్లి నన్ను యాదగిరిగుట్ట దాటియ్యలే. ఇయ్యాల సముద్రం సూపిస్తుండంటే నా కోసమనుకున్నవా? ఆ ఎర్ర గీత కోసం. అది నా సవతి." పెయింటరన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, "సవతిని నువ్వే సూడు ఆడ, మంచిగ అలాయిబలాయి తీస్కో" అన్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన నోట అటువంటి మాట విన్నాను.

ప్రదర్శన పెట్టింది చేపల వేలం షెడ్డులో. సిమెంటు నేలను బ్లీచింగు పొడి వేసి కడిగారు కానీ చేపల వాసన పోలేదు. గోడల నిండా అలలు, పొద్దుపొడుపులు, తెరచాపలు. కొన్ని నిజంగా బాగున్నాయి. వాటి మధ్య మా బురద షెడ్డు బొమ్మ. ఒక పెద్దమనిషి దాని ముందు ఆగి, "ఇందులో సముద్రం ఏదండీ?" అని అడిగాడు.

"ఇది సంగారెడ్డి జిల్లా సారు. మా కాడ గింతే ఉంటది" అన్నాడు పెయింటరన్న.

ప్రదర్శన చూసుకునే అమ్మాయి వచ్చి మర్యాదగానే చెప్పింది, బొమ్మ కింద ప్రకటనలు రాయకూడదని, ఆ భాగం కాగితంతో మూస్తానని. పెయింటరన్న చేతులు జోడించాడు. "అమ్మా, కావాల్నంటే బొమ్మను మూసెయ్యి. రాసింది మాత్రం ఉంచు." ఆ అమ్మాయి ఒకసారి నిలబడి మొత్తం చదివింది. తర్వాత కాగితం మడిచి తీసుకుని వెళ్ళిపోయింది.

అది వాళ్ళ వేలం షెడ్డే కాబట్టి జాలర్లు వస్తూ పోతూ ఉన్నారు. మధ్యాహ్నం యాభై ఏళ్ళ జాలరి ఒకాయన, తల మీద తువ్వాలుతో, ఆ అక్షరాల దగ్గర ఆగి కూడబలుక్కుని చదివాడు.

"ఇది రాసిందెవరండీ?"

"నేనే అన్నా" అని లేచాడు పెయింటరన్న. వదిన కూడా లేచి నిలబడింది.

"ఏ గీతండీ ఇది?"

చెప్పాడు. ఇటుకలు, కట్టె, మూడు అంగుళాలు, ఆరుగురు మనుషులు. జాలరి మొత్తం విన్నాడు. "మా దగ్గర ఫైబర్ బోట్ల మీద గీత ఎక్కడుందండీ? రండి బాబూ, మీరే చూద్దురు" అని బయటికి నడిచాడు.

రేవులో పడవలు వరసగా ఇసుక మీదికి లాగి ఉన్నాయి. పసుపు, నీలం, ఆకుపచ్చ. ముందు భాగాన అమ్మవారి పేర్లు, పిల్లల పేర్లు. ఎక్కడా ఎర్ర గీత లేదు.

"బోటు రాగానే మా రంగు వేసేస్తామండి. తెల్ల బోటును గంగలో దించం. మీ గీత మీద రెండు పూతలు పడతాయి" అన్నాడు జాలరి.

"మరి ఎంతమంది ఎక్కాల్నో ఎట్ల తెలుస్తది?"

జాలరి ఒక పడవ అంచు మీద కూర్చుని చెయ్యి బయటికి వేలాడేశాడు. "ఇలా వదిలితే వేళ్ళు తడవాలి. మణికట్టు తడిసిందంటే ఒకణ్ణి దింపేస్తాం. మా నాన్న నేర్పింది ఇదే. గీత చూసి ఎక్కితే మమ్మల్ని ఇంట్లో ఆడోళ్ళు తిడతారండి."

 పెయింటరన్న పడవ వెనకకు వెళ్ళి, రంగు పూతల మీద బొటనవేలు ఆనించి, కళ్ళు మూసుకుని తడిమాడు. కింద అచ్చు నంబరు వేలికి తెలుస్తుంది. కాదని తల ఊపి ఇంకో పడవ దగ్గరికి వెళ్ళాడు. అలా ఎండలో వరస మొత్తం తిరిగాడు. జాలరి పిలిస్తే ఇంకో నలుగురు వెంట వచ్చారు. తొమ్మిదో పడవ దగ్గర ఆయన వేలు ఆగింది. నంబరు పైకి చదివాడు. పద్నాలుగింటిలో ఒకటి.

"ఈ బండి మంచిగున్నదా?" అని అడిగాడు. కంగారులో బండి అన్నాడు.

"నాదేనండి. మొన్నటి తుఫాను ముందు ఇందులోనే ఒడ్డుకు వచ్చాం. బానే ఉంది, చూడండి, మేమూ బానే ఉన్నాం" అన్నాడు వెంట వచ్చిన వాళ్ళలో ఒకడు.

పెయింటరన్న అక్కడే ఒక ఐసు పెట్టె మీద కూర్చున్నాడు. వదిన కొంగు తడిపి ఆయన మొహం తుడిచింది. సాయంత్రానికి ఐదు దొరికాయి. జాలరి తన ఫోన్లో మిగతా నంబర్లు అన్ని రేవుల వాళ్ళకూ పంపాడు. మర్నాడు పొద్దుగూకేలోగా ఇంకో ఎనిమిది. కొందరు పడవ ఫోటో పంపారు, కొందరు దాని ముందు నిలబడి తమ ఫోటో పంపారు. ఎవరూ మునగలేదు.

రెండో రోజు టీ తాగుతూ ఆయన జాలరితో అన్నాడు: "పదిహేనేండ్ల సంది గీస్తున్న అన్నా. ఊపిరి బిగవట్టి గీసిన. ఒక్కడు సూడలేదన్నట్టు."

జాలరి కాస్త ఇబ్బంది పడ్డాడు. "అలా అనకండి. మీ కింది తెలుపు చాలా నున్నగా ఉంటదండి. మా రంగు బాగా పడుతుంది" అన్నాడు. పెయింటరన్న నవ్వాడు. టీ ఒలికేంత నవ్వు. నేను ఆయన్ని తలుచుకుంటే వచ్చే మొహం అదే.

వెళ్ళేటప్పుడు జాలరి ఇంకో మాట చెప్పాడు. "కుర్రోళ్ళకి ఇప్పుడు చెయ్యి పెట్టి చూసే ఓపిక లేదండి. మీ గీత మంచిదే. నిలవాలంటే మాత్రం ఆ నంబరు లాగ అచ్చులోనే పడాలి. ఎన్ని పూతలు వేసినా చేతికి తగులుద్ది." రైల్లో లింగంపల్లి వచ్చేదాకా పెయింటరన్న ఆ మాటే ఆలోచిస్తూ ఉన్నాడు. బొమ్మను వాళ్ళు వేలం షెడ్డులో ఉంచుకుంటామంటే ఇచ్చేశాడు. వచ్చే ఏడు కూడా బొమ్మ తెస్తారా అని ప్రదర్శన చూసుకునే అమ్మాయి అడిగితే, "బొమ్మ పని అయిపోయిందమ్మా" అన్నాడు.

పద్నాలుగో పడవ కబురు పది రోజుల తర్వాత నా ఫోన్‌కు వచ్చింది. అది సముద్రంలోకే వెళ్ళలేదు. ఎక్కడో రొయ్యల చెరువులో, మోకాలి లోతు నీళ్ళలో, మేత బస్తాలు మోస్తోంది. నేను ఫోన్ పట్టుకుని పెయింటరన్న దగ్గరికి పరుగెత్తాను. ఫోటో చూశాడు.

"మనుషులెక్కుతరా దీంట్ల?"

"రొయ్యల మేత తప్ప ఏమీ ఎక్కదంటన్నా."

ఆయన కుంచె డబ్బా మీద పెట్టి బయటికి నడిచాడు. కాసేపటికి షెడ్డు మొత్తానికి సరిపోయేన్ని మిర్చి బజ్జీలతో వచ్చాడు. ఎందుకని అడిగిన ఒడిశా పిల్లలకు "రొయ్యలు బాగున్నయంట" అని చెప్పాడు.

అచ్చు సంగతి ఓనరుతో మాట్లాడటానికి ఇంకో నెల పట్టింది. అచ్చు చెడితే పడవలే ఆగిపోతాయని ఓనరు భయం. "చెడితే నన్ను తీసెయ్యి సారు" అన్నాడు పెయింటరన్న. అచ్చు గిన్నెలా వెల్లకిలా ఉంటుంది. ఆయన నా దగ్గర టేపు అడిగి తీసుకుని, దాని అంచు నుంచి మూడుసార్లు కొలిచి, నాతో కూడా ఒకసారి కొలిపించి, సన్నటి ఆకురాయితో లోపలి గోడ మీద గాడి కోశాడు. ఐదు రోజులు పట్టింది. ఆ అచ్చులోంచి వచ్చిన మొదటి పడవ మీద గీత ఉబ్బుగా పడింది. ఆయన దాని మీద తెల్ల రంగు పూసి, ఆరాక కళ్ళు మూసుకుని వేలు పెట్టి చూశాడు. తర్వాత అదే రంగు ఇంకోసారి పూశాడు. అప్పుడూ గీత వేలికి తగిలింది.

తర్వాత రెండేళ్ళు ఆయన పడవలకు తెల్ల రంగు మాత్రమే వేశాడు. పొద్దున్నే నాకు ఫోన్ చేయలేదు. పోయిన ఏడు, మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, మళ్ళీ లేవలేదు. నేను వెళ్ళేసరికి వదిన గడప పక్కన కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. నా వైపు తిరిగి అంది: "పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండు చెల్లె. ఆ పడవలు దొరకని రెండేండ్లల పోతే నేను తట్టుకోకపోదును. నిద్రల సుత నంబర్లు సదివేటోడు. ఇప్పుడు నిమ్మలంగ పోయిండు." అది ఓదార్పు కోసం అన్న మాట కాదు. నాకూ అదే అనిపించింది.

ఇప్పుడు మా షెడ్డులో పడవ మీద ఎవరూ గీత గీయరు. అచ్చులోంచి గీతతోనే వస్తుంది.